కిష్టవ్వ ఇంటి కిరాయి

కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లు కరువు భత్యాన్ని ఆ పేరుతో ఎన్నడూ పిలవరు. పాయింట్లు అంటారు. ఉగాది దగ్గర పడిందంటే కార్ఖానా వసారాలో చాటలు పక్కన పెట్టుకుని కూర్చున్నవాళ్ల నోట ఒకటే మాట: "ఈసారి పాయింట్లు ఎన్ని పడుతయట?" బజారులో సామాన్ల ధరలు పెరిగితే సర్కారులో ఎవరో లెక్క కడతారని, ఆ లెక్కను బట్టి వెయ్యి బీడీల కూలికి ఇంత అని కలుస్తుందని యూనియన్ కొమురయ్య ఏటా చెబుతూనే ఉంటాడు. చెప్పినంతసేపు అర్థమైనట్టే ఉంటుంది. ఇంటికి పోయేసరికి అది మళ్లీ వానలాంటిదైపోతుంది. పడితే పడుతుంది, లేకపోతే లేదు.

దేవవ్వకు మాత్రం ఆ ఏడు పాయింట్లు పడి తీరాలి.

ఆమె మొగుడు ఐలయ్య కథలాపూర్ దిక్కు ఒక ఊళ్లో తాళ్లెక్కి కల్లు గీసినవాడు. వరుసగా మూడేళ్లు వానలు లేక చెట్లు ఎండిపోతే మోకు మేకుకు తగిలించి సిరిసిల్ల పోయాడు. అక్కడ మరమగ్గాల మీద ఆరేళ్లు పని చేశాడు. కరెంటు బిల్లు కట్టలేక ఆసామి షెడ్డుకు తాళం వేశాక అదీ పోయింది. కోరుట్లలో ఉన్న పెళ్లాం బిడ్డల దగ్గరికి వచ్చి, మెట్‌పల్లి మార్కెట్లో పసుపు బస్తాలు మోయడం మొదలుపెట్టాడు. పసుపు సీజను నాలుగు నెలలు. మిగతా ఎనిమిది నెలలు పని లేక గడపలో కూర్చున్న మనిషి ముఖం చూస్తూ బీడీలు చుట్టడం దేవవ్వకు ఆ వయసులో కొత్తగా వచ్చిన కష్టం.

వాళ్లుండేది కిష్టవ్వ ఇంట్లో. రెండు అర్రలు, వెనక చేదబావి. నాలుగు వందలున్న కిరాయిని దసరాకు ఒక్కసారిగా ఆరు వందలు చేసింది కిష్టవ్వ. ఆ సాయంత్రమే ఐలయ్య మెట్‌పల్లి ఏజెంటు మాట ఎత్తాడు. మస్కట్‌లో రోడ్డు పని. పాస్‌పోర్టు ఎప్పుడో తయారై ఏజెంటు దగ్గరే ఉంది. కావలసింది వీసా ఖర్చు. ఆ డబ్బు ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. పదిహేడేళ్లుగా దేవవ్వ కూలిలో కోసి దాచిన పీఎఫ్‌లో ఉంది. అది మొత్తం చేతికి రావాలంటే పని మానేస్తున్నానని రాసిచ్చి, కార్ఖానా రిజిస్టరులో పేరు కొట్టేయించుకోవాలి. ఒకసారి కొట్టేసిన పేరును ఏ కంపెనీ మళ్లీ రాసుకోవడం లేదు.

పీఎఫ్ కోసం కాదు దేవవ్వ అడ్డం పడింది. ఐలయ్య అన్న హన్మండ్లు కూడా మస్కటే పోయాడు. పదహారో నెలలో చనిపోయాడని ఫోను వచ్చింది. శవం పెట్టె రావడానికి నలభై మూడు రోజులు పట్టింది. ఆ నలభై మూడు రోజులు ఆ ఇంట్లో పొయ్యి ముట్టించాలా వద్దా అన్నది కూడా ఎవరికీ తెలియలేదు. దినాలు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలని అడిగితే అయ్యగారు చేతిలో పంచాంగం పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"మీ అన్న పెట్టె వచ్చిన్నాడు నేను ఆడనే ఉన్న," అంది దేవవ్వ. "నీ పెట్టెకు ఎదురువోను."

"మరి ఏం తిందం? నువ్వు చుట్టింది కిరాయికే పాయె."

"ఉగాది దాక ఆగు. ఈసారి వెయ్యికి ఐదారు రూపాలు పెరుగుతదంటుండు కొమురన్న. నూనె జూడు, ఉల్లిగడ్డ జూడు, గాసునూనె జూడు. ఇన్ని పెరిగినంక పాయింట్లు పెరుగకుంట ఉంటయా?"

"కొమురన్న నోట్లె చక్కెర పొయ్య. పెరుగకపోతే?"

దేవవ్వ చేతిలోని బీడీకి దారం చుట్టి తెంపింది.

"పెరుగకపోతే నీ ఇష్టం. నేను అడ్డం రాను."

"గిది మాట గదా?"

"మాటనే."

దేవవ్వ రోజుకు వెయ్యి చుడుతుంది. వెయ్యికి ఐదు రూపాయలు పెరిగితే కిష్టవ్వ పెంచిన కిరాయిలో సగానికి పైగా అదే తీరుస్తుంది. మిగతాది పూట మానుకుని సర్దుకోవచ్చు. అంతలో సిరిసిల్లలో షెడ్డు తెరవొచ్చు. దేవవ్వ ఆశ ఈ మాత్రమే. అంతకు మించి ఆమె ఏమీ కోరలేదు.

ఆ తర్వాత పక్షం రోజులకు సంచి భుజాన వేసుకుని ఒక కుర్రాఫీసరు వాడలోకి వచ్చాడు. ఎండకు చొక్కా వీపుకు అతుక్కుని ఉంది. మర్యాదస్థుడు. గుమ్మం బయటే నిలబడి మాట్లాడాడు.

"అమ్మా, నేను పన్ను కోసం రాలేదు. ధరలు రాసుకోవడానికి వచ్చాను. మీలాంటి కూలీల జీతాలు పెంచడానికే ఈ లెక్క."

మీ మంచికే అని చెప్పని ఆఫీసరు ఆ వాడకు ఇంతవరకూ రాలేదు. అంతకుముందు ఎండాకాలంలో ఇలాంటి సంచితోనే ఒకాయన వచ్చాడు. ఇంట్లో టీవీ ఉందా, ఫ్యాను ఉందా అని అడిగి రాసుకున్నాడు. రెండు నెలలు తిరగకుండా వాడలో పదకొండు తెల్లకార్డులు పోయాయి. టీవీ ఉందని మురిసిపోతూ చెప్పిన పక్కింటి లత కార్డు అందులో ఒకటి. అప్పటి నుంచి వాడలో ఆడవాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పుస్తకం పట్టుకుని వచ్చినవాడు ఏది అడిగినా తక్కువ చెప్పాలి. ఉన్నది లేదనాలి. కొన్నది ఎవరో ఇచ్చారనాలి.

"పోయినసారి ఈ ఇంటి కిరాయి నాలుగు వందలని రాసి ఉందమ్మా. ఇప్పుడెంత ఇస్తున్నారు?"

ఎదురు గడపలో కూర్చున్న కిష్టవ్వ కళ్లు పెద్దవి చేసింది. ఇంటి పన్ను ఆమె భయం. కార్డు దేవవ్వ భయం. రెండు భయాలూ కలిసి దేవవ్వ నోటికి ఎక్కడ లేని చురుకు తెచ్చాయి.

"మూడున్నర వందలు సారూ."

"తగ్గిందా?"

"తగ్గిచ్చింది. మా ఆయనకు పని లేకపాయె. గది చూసి పాపం యాభై తగ్గిచ్చింది మా అత్త. వరుసకు అత్తయితది."

కిష్టవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బియ్యం ఎక్కడ కొంటారు?"

"కొనుడెక్కడిది? కోటా బియ్యమే. సరిపోతయి మాకు."

కోటా బియ్యం పది రోజులకు సరి. మిగతా నెలంతా మూల మీది బాలరాజు దుకాణంలో కొన్న బియ్యమే. ఆ సంచి అప్పుడు తలుపు పక్కనే ఉంది. దేవవ్వ నిలబడినచోటే కాలితో దాన్ని లోపలికి నెట్టింది. అతను చూశాడు. చూసి, కాగితం వైపు తల దించుకున్నాడు.

"మీరు చెప్పిందే రాస్తానమ్మా," అన్నాడు.

అక్కడి నుంచి బాలరాజు దుకాణానికి పోయాడు. బాలరాజు గోడకు ధరల పలక ఒకటి వేలాడుతూ ఉంటుంది. పలక లేదని వెనకెప్పుడో జుర్మానా వేస్తే రాయించాడు. రెండేళ్లుగా దాని మీద ఒక్క అంకె మారలేదు. ఆ పలక ఆఫీసర్లకు. గిరాకీలకు నోటి మాట. కుర్రాఫీసరు నిలబడి పలకను పైనుంచి కిందిదాకా కాగితంలోకి ఎక్కించుకుపోయాడు. బాలరాజు అతనికి సోడా కూడా ఇచ్చాడట.

ఆ పూట వాడంతా నవ్వింది. ఐలయ్య చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"కిష్టవ్వ కిరాయి తగ్గిచ్చుడా! గా సారు నమ్మిండా?"

"ఎందుకు నమ్మడు? నేను చెప్తే కిష్టవ్వనే నమ్మింది. మొకం గిట్ల వెట్టుకున్నది, పుణ్యాత్మురాలి లెక్క."

"మస్తు తెలివి నీకు. నిన్నే పంపాలె మస్కట్‌కు."

బిడ్డ దీప కూడా ఏం జరిగిందో తెలియకుండానే తల్లి ముఖం చూసి నవ్వింది. ఆ నవ్వు దేవవ్వకు తర్వాత ఎన్నో రోజులు చెవుల్లో ఉంది.

చలికాలం గడిచింది. పసుపు సీజనులో ఐలయ్య మెట్‌పల్లిలోనే పడుకుని పని చేశాడు. ఉల్లిగడ్డ ధర ఇంకా పెరిగింది. కంది పప్పు కొనడం మానేశారు. ధర పెరిగినప్పుడల్లా అందరూ తిట్టుకుంటుంటే దేవవ్వ మనసులో మాత్రం, పెరగనీ, పాయింట్లు పడతాయి అనుకునేది. ఆకలితో ఉన్న మనిషి ధరలు పెరగాలని కోరుకోవడం ఎంత విడ్డూరమో ఆమెకూ తెలుసు.

ఉగాది వెళ్లిన వారానికి, కంపెనీ తరఫున ఆకు ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారు గోవర్ధన్ కార్ఖానా గోడకు కాగితం అతికించాడు. ఆడవాళ్లు మూగారు. చదువు వచ్చినవాళ్లు తక్కువ. లత చదివింది.

"వెయ్యికి నలభై అయిదు పైసలట."

"సరిగ జూడు. నాలుగున్నర రూపాలైతది," అంది దేవవ్వ.

"నాకు సదువు రాదా అక్కా? నలభై అయిదు పైసలు. సున్న ముంగట ఉన్నది, ఎన్క లేదు."

గోవర్ధన్ తన బల్ల దగ్గరి నుంచి అరిచాడు. "నన్ను జూస్తరేందే? నేను రాసిన్నా? సర్కారు లెక్క గది. సేటు గూడ ఈసారి చానా పడ్తదని బుగులువడ్డడు. ఇయ్యాల మిఠాయి పంచుతుండు."

అంతలో సైకిలు మీద కొమురయ్య వచ్చాడు. యాభై దాటిన మనిషి. జగిత్యాల ఆఫీసుకు పోయి లెక్క కాగితం నకలు తెచ్చాడు. వసారా మెట్టు మీద నిలబడి చదవడం మొదలుపెట్టాడు. ఏ సామాను ఎంత పెరిగింది, ఎంత తగ్గింది.

"బియ్యం, పెరుగలేదట. పప్పు, రూపాయి. నూనె, రొండు రూపాలు. ఇంటి కిరాయి..." అతను ఆగాడు. "కిరాయి తగ్గిందట."

ఒక్కసారి వసారా అంతా గొల్లుమంది.

"ఏ ఊర్ల తగ్గిందే? గా ఊరికే పోదాం పాండ్రి!"

"కొండగట్టు మీద తగ్గిందేమో. కోతులకు కిరాయికిచ్చిండ్రు కావచ్చు."

"ఎవడో ఆఫీసుల కూసోని రాసిండు. వాని చేతులు వడిపోను. వాని పెండ్లాం పిల్లలు గీ నలభై అయిదు పైసల మీద బతుకాలె!"

దేవవ్వ చాటలోని ఆకు సర్దుతూ ఉండిపోయింది. సర్దిన ఆకునే మళ్లీ సర్దింది.

అందరూ వెళ్లాక తొవ్వలో కొమురయ్యను పట్టుకుంది.

"కొమురన్నా, కిరాయి తగ్గిన ఇల్లు మాదే."

అతను సైకిలు దిగాడు. ఆమె మొత్తం చెప్పింది. కుర్రాఫీసరు మాట, కిష్టవ్వ కళ్లు, కాలితో నెట్టిన బియ్యం సంచి, బాలరాజు పలక. ఏదీ దాచలేదు. తను ఒక్కతే కాదని, వాడలో అతను అడిగిన ఎనిమిదిళ్లూ ఇలాగే చెప్పాయని కూడా చెప్పింది.

కొమురయ్య సైకిలు బ్రేకు నొక్కి వదిలాడు.

"ముప్పై ఏండ్ల సంది సర్కారు మోసం జేస్తుందని ఒర్రుతున్న," అన్నాడు. "ఇయ్యాల ఎవ్వని మీద ఒర్రాలె దేవవ్వా?"

"నిజం రాసిస్తే మారుస్తరా?"

"నువ్వొక్కదానివి రాస్తే మారది. ఎనిమిదిండ్లు రాయాలె, బాలరాజు రాయాలె. గప్పుడు అడుగొచ్చు."

ఆ రోజే మొదలుపెట్టారు. కొమురయ్య దరఖాస్తు రాశాడు. ముందు బాలరాజు దగ్గరికి పోయారు. అతను తక్కెడ తుడుస్తూనే విన్నాడు.

"అక్కా, పలక మీద ఒక ధర, అమ్మేది ఒక ధర అని నా చేత్తోని నేనే రాసియ్యాల్నా? రేపు దుకాణం ఎవడు నడుపుతడు, నీ మొగడా?"

"నీ దుకాణంల కొనేది బీడీలు జేసేటోళ్లే గదా బాలరాజూ. మాకు పెరిగితే నీకే వస్తది," అన్నాడు కొమురయ్య.

"వస్తది. గది వచ్చేదాక నేను జైల్ల ఉంట."

తర్వాత ఏడిళ్లు. ఒకామె తలుపు తీయలేదు. ఇద్దరు అత్తల మీద పెట్టారు. ఒకామె కళ్లనీళ్లు పెట్టుకుని, కార్డు పోతే నా పిల్లలకు నువ్వు పెడుతవా దేవక్కా అని అడిగింది. ఆరు నెలల కింద తను కూడా ఇదే మాట అనేది.

కిష్టవ్వ మాత్రం గట్టిగానే మాట్లాడింది. "నీ కాగితంల ఆరు వందలని రాస్తివా, ఎల్లుండి ఇల్లు ఖాళీ జెయ్యి. అత్తను అన్నవు గదా ఆనాడు? అత్త మాట ఇను."

దరఖాస్తు మీద చివరికి దేవవ్వ సంతకం ఒక్కటే మిగిలింది. తర్వాతి బుధవారం ఒక రోజు పని పోగొట్టుకుని, ఆ కాగితంతోనే ఇద్దరూ బస్సెక్కి జగిత్యాల పోయారు. ఆఫీసులో పెద్దసారు చెడ్డవాడు కాదు. కూర్చోమన్నాడు. మంచినీళ్లు ఇప్పించాడు. కాగితం రెండుసార్లు చదివాడు.

"ఒకసారి అచ్చయిన అంకె మారదమ్మా. పైగా ఒక్క ఇంటి మాట మీద ఏ లెక్కా తిరగరాయరు. వచ్చే ఏడు నిజం చెప్పండి."

"వచ్చే ఏడుదాక మేం ఆగలేం సారూ."

"మా మనిషి మీకు చెప్పలేదా, ఇది మీ జీతాల కోసమే అని?"

"చెప్పిండు," అంది దేవవ్వ.

సారు కాగితం మడిచి తిరిగి ఇచ్చాడు. తిరుగు బస్సులో కొమురయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఐలయ్య అదే రోజు సిరిసిల్ల పోయి వచ్చాడు. చీకటి పడకముందే మొగుడూ పెళ్లాం ఇల్లు చేరారు. షెడ్డు తాళం తీసే ఉంది కానీ మగ్గాలు లేవు. ఆసామి వాటిని పాత ఇనుప సామాన్లవాడికి కిలోల లెక్కన అమ్మేశాడు. నేల మీద మగ్గాలు ఉన్నచోట నూనె మరకలు మాత్రం ఉన్నాయట.

"నా మగ్గం ఏడుండెనో గుర్తువట్టిన," అన్నాడు.

దేవవ్వ జగిత్యాల సంగతి చెప్పింది. మొగుడు కోపం చేసుకుంటే బాగుండునని ఆమెకు ఉంది. తిట్టినా, చేయి చేసుకున్నా ఎక్కడో ఒకచోట లెక్క సరిపోయేది. అతను తిట్టలేదు.

"నువ్వొక్కదానివే చెప్పినవా? ఆనాడు నేను గూడ నవ్విన గదా," అన్నాడు.

ఆమె అడ్డం రానని మాట ఇచ్చింది. రాలేదు. నాలుగో రోజు గోవర్ధన్ బల్ల ముందు నిలబడింది. అతను పీఎఫ్ ఫారం ముందు పెట్టుకుని కళ్లద్దాల మీదుగా చూశాడు.

"పదిహేడేండ్ల నంబరు. మల్ల రాదు, ఎరికేనా?"

"ఎరికే."

"పని ఎందుకు మానేస్తున్నవని రాయాలె?"

"ఏం రాస్తరు అందరికి?"

"చాతనైతలేదని."

"గదే రాయి."

పైసలు రావడానికి రెండు నెలలు పట్టింది. ఆలోపు మెట్‌పల్లి ఏజెంటు ఖర్చు పెరిగిందని చెప్పి ఇంకో మూడు వేలు కలిపాడు. ఈ సంగతి విని కొమురయ్య, వాని ధరలకు పలక లేదు, అడిగేటోడు లేడు అన్నాడు. ఆ మూడు వేలకు దేవవ్వ చెవి కమ్మలు పోయాయి. ఐలయ్య జూలైలో బొంబాయి బస్సెక్కాడు. బస్టాండులో దీప ఏడ్చింది. దేవవ్వ ఏడవలేదు. పదిలంగా ఉండమని చెప్పాలనుకుంది. హన్మండ్లుకు కూడా ఇదే బస్టాండులో అందరూ ఆ మాటే చెప్పారు. అందుకని నీళ్ల సీసా కిటికీలోంచి అందించి, మూత గట్టిగా పెట్టుకో, కారుతుంది అని మాత్రం చెప్పింది.

పేరు పోయినా చేతులున్నాయి. నంబరు లేని ఆడవాళ్లు నంబరు ఉన్నవాళ్ల పేరు మీద బీడీలు పోయడం, అంటే చుట్టి అప్పగించడం, కార్ఖానాల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. ఆకు, తంబాకు వాళ్ల పుస్తకం మీద వస్తాయి. కూలిలో కొంత వాళ్లకు పోతుంది. కరువు భత్యం, బోనసు, పీఎఫ్ అన్నీ ఆ పేరుకే చేరతాయి. లత పెద్ద మనసుతోనే ఒప్పుకుంది.

"నేను ఎట్లయిన ఐదు వందలే జేస్తున్న అక్కా. మిగిలింది నువ్వు వొయ్యి. గా నలభై అయిదు పైసలు లెక్కగట్టి నీకే ఇస్త, సరేనా?"

నవ్వించాలనే అంది. దేవవ్వ నవ్వింది కూడా.

మరునాడు పొద్దున లతకు జ్వరం. దేవవ్వ రెండు చాటల బీడీలూ ఒక్కతే మోసుకుని కార్ఖానాకు పోయింది. వసారాలో ఎప్పటి లాగే వరుసగా కూర్చుని ఉన్నారు. గోవర్ధన్ పుస్తకాలు ఒక్కొక్కటే తీసి పేర్లు పిలుస్తున్నాడు. దేవవ్వ పేరు వచ్చే చోట ఈసారి ఏ పేరూ రాలేదు. తర్వాతి పేరు వచ్చింది, దాని తర్వాతిది వచ్చింది.

"లతా!"

ఎవరూ లేవలేదు. గోవర్ధన్ తల ఎత్తకుండానే మళ్లీ పిలిచాడు.

"లత ఎవలే? వచ్చిందా రాలేదా?"

దేవవ్వ చాటలు ఎత్తుకుని లేచింది.

"వచ్చిన," అంది.

అతను చాట ముందుకు లాక్కుని కట్టలు విప్పి చూశాడు. ఆకు చిరిగిందని, లావైందని గుప్పెడు బీడీలు తీసి పక్క డబ్బాలో వేశాడు. మిగిలినవి లెక్కించి లత పుస్తకంలో రాసుకున్నాడు.